సహాధ్యాయి ఋణం
(గురజాడ వర్ధంతి స్మారకోపన్యాసం, బరంపురం)



గురజాడ అప్పారావు గారి వర్ధంతి నాడు మాట్లాడమని మీరు పిలిచారు. కన్యాశుల్కం గురించి, ముత్యాల సరాల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను అప్పారావు గారిని ఆయన చిన్ననాటి సహాధ్యాయి వైపు నుంచి తలుచుకుంటాను. ఆ సహాధ్యాయి మన గంజాం మనిషి, గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. బడిలో పక్కన కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరినే సాగనంపుతున్న వయసు మనలో చాలామందిది. పోయిన స్నేహితుడికి బతికున్నవాడు ఏం బాకీ ఉంటాడు? ఈ ప్రశ్నకి రామమూర్తి గారి జీవితాన్ని మించిన జవాబు నాకు దొరకలేదు.

ఆనాటి గంజాం జిల్లా చాలా పెద్దది. మద్రాసు రాజధానికి ఉత్తరపు కొస అది. బరంపురం, పర్లాకిమిడి, శ్రీకాకుళం అన్నీ అందులోవే. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న రామమూర్తి గారు పుట్టారు. ఉద్యోగం మీద చోడవరం వెళ్ళిన తండ్రి వీర్రాజు గారు 1875లో విషజ్వరంతో పోయారు. తండ్రి లేని ఆ పిల్లవాడు విజయనగరంలో బంధువుల పంచన ఉంటూ మహారాజావారి ఇంగ్లీషు బడిలో చేరాడు. అక్కడే, తనకన్నా ఏడాది పెద్దవాడైన అప్పారావు జతయ్యాడు. ఒకరు ఋషి అనీ, మరొకరు మహాకవి అనీ లోకం అనకముందే వాళ్ళు ఒకరికొకరు తెలుసు. బడి స్నేహానికున్న బలమే అది. పేరు, పదవి రాకముందు మనం ఎవరిమో ఎరిగినవాడు సహాధ్యాయి ఒక్కడే.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి ఏడు రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకి 30 రూపాయల జీతానికి మాస్టరుగా చేరారు. అప్పారావు గారు విజయనగరంలోనే ఉండి 1886లో బి.ఏ. పూర్తిచేశారు. ఊళ్ళు వేరయ్యాయి, పనులూ వేరయ్యాయి. ఒకరు సంస్థానం కొలువులో ఉంటూ నాటకం రాశారు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం 1897లో అచ్చయింది. మరొకరు పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని మాట మాటా అడిగి రాసుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడి నడిపారు.

పైకి ఈ రెండు పనులకీ పొత్తు కనపడదు. కానీ ఇద్దరినీ నడిపించిన నమ్మకం ఒక్కటే: నోట పలికే భాషకి రాతలో చోటుండాలి, పిల్లవాడు ఇంట్లో వినే మాటతోనే బడిలో చదువు మొదలు కావాలి. 1906 తరువాత పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఏ. యేట్స్ తెలుగు బోధన గురించి ప్రశ్నలు లేవనెత్తినప్పుడు పాత సహాధ్యాయులిద్దరూ ఒక పక్షాన నిలిచారు. విశాఖ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు వాళ్ళకి తోడయ్యారు. జీవద్భాషలో గొప్ప సాహిత్యం పుడుతుందని అప్పారావు గారు రాసి చూపించారు. ఆ భాషకి నియమం ఉందని, పూర్వులూ దాన్ని వాడారని రామమూర్తి గారు శాసనాలు, పాత వచనాలు తిరగేసి నిరూపించారు.

అయినా ఆనాడు గెలుపు వాళ్ళది కాలేదు. ఈ విషయం తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో, పాత పుస్తక భాషే ఉండాలనే గ్రాంథికవాదులదే పైచేయి అయింది. అప్పారావు గారు 1914లో తన అసమ్మతి పత్రాన్ని వివరంగా రాసి ఇచ్చారు. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. 1915 నవంబరు 30న అప్పారావు గారు కన్నుమూశారు. వయసు యాభైమూడు. తాను నమ్మిన భాష బడిలోకి, పరీక్ష కాగితం మీదికి రావడం ఆయన చూడలేదు.

రామమూర్తి గారికి అప్పటికి యాభైరెండేళ్ళు. ఉద్యోగం నుంచి విరమించారు. మలేరియా కోసం వాడిన క్వినైన్ వల్ల చెవులు సరిగా వినపడవు. ఇక విశ్రాంతి తీసుకున్నా తప్పుపట్టేవారు ఉండరు. కానీ స్నేహితుడు ఎక్కడ ఆపాడో అక్కడ ఆయన అందుకున్నారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులు, రామమూర్తి గారు కార్యదర్శి. మే నెలలో వీరేశలింగం గారూ పోయారు. ఆ ఏడే పర్లాకిమిడి నుంచి రామమూర్తి గారు ‘తెలుగు’ అన్న పత్రిక పెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు. పత్రిక ఆగినా మనిషి ఆగలేదు. పుస్తకాల కట్టలు మోసుకుని ఊరూరా తిరిగి, ఎదిరించే పండితుల సభల్లోనే నిలబడి గంటల తరబడి వాదించారు. 1924లో కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు, నోట పలికే భాష అయిన వ్యావహారికం మీద ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. అప్పారావు గారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

దుఃఖం అందరికీ వస్తుంది. సంతాపసభ పెడతాం, నాలుగు మంచి మాటలు చెబుతాం, పటానికి దండ వేస్తాం. అవన్నీ చెయ్యవలసినవే. కానీ పోయినవాడు పట్టిన పని అక్కడే పడి ఉంటే అతన్ని సగమే తలుచుకున్నట్టు. రామమూర్తి గారు స్నేహితుణ్ణి తలుచుకుంటూ ఇంకో ఇరవైనాలుగేళ్ళు పనిచేశారు. నా దృష్టిలో అప్పారావు గారి మొదటి స్మారకచిహ్నం విగ్రహం కాదు, ఆ ఇరవైనాలుగేళ్ళ శ్రమే.

ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళుగా మనం ఆలోచించుకోవలసింది ఇంకొకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, తెలుగువాళ్ళ పక్షాన పోరాడిన రామమూర్తి గారు నొచ్చుకుని అన్నేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాగని సవరల పని వదల్లేదు. 1931లో సవర భాషా వ్యాకరణం వెలువరించిన ఆయన, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు కూడా అందించారు. 1940 జనవరి 22న కన్నుమూసేదాకా ఆయన ప్రేమ ఎల్లలకి లోబడలేదు. ఒడియా ఇరుగుపొరుగుతో కలిసి బతుకుతూ తెలుగు నిలుపుకోవాలనుకునే మనకి ఆయన నేర్పే నీతి ఇది: మన మాటని ప్రేమించేవాడు పక్కవాడి మాటనీ గౌరవిస్తాడు.

బరంపురంలో, ఛత్రపురంలో, పర్లాకిమిడిలో మనతోపాటు తెలుగు చదివి, తెలుగు పాఠాలు చెప్పి, వెళ్ళిపోయిన మిత్రులున్నారు. వాళ్ళ ఉత్తరాలు, నోటు పుస్తకాలు, అచ్చుకాని వ్యాసాలు ఏ అటకమీదో చెదలు పట్టకముందే అడిగి తెచ్చి భద్రపరుద్దాం. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు అక్షరం దొరకని పిల్లలకి ఆదివారం ఒక్క గంట కూర్చుని చదవడం, రాయడం నేర్పుదాం. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. తెలుగు వచ్చిన పెద్దవాడు ఒకడు, నేర్చుకునే పిల్లవాడు ఒకడు ఉంటే చాలు.

ఈ సభలో ప్రతివారికీ ఇలాంటి సహాధ్యాయి ఒకడు ఉండే ఉంటాడు. అతను మొదలుపెట్టి వదిలివెళ్ళిన పని ఏదో మీకే బాగా తెలుసు. వచ్చే నవంబరు 30కి మళ్ళీ కలిసినప్పుడు ఆ పని ఎంతవరకు వచ్చిందో ఒకరికొకరం చెప్పుకుందాం. అప్పారావు గారికి, రామమూర్తి గారికి మనం చెయ్యగల నివాళి అదే.