శ్రీశైల శిఖరం దగ్గర బస్సు ఆగాలి

(కార్తికమాస శ్రీశైల యాత్ర సందర్భంగా చందర్లపాడులో జరిగిన భక్తసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కార్తికమాసంలో మన గ్రామం నుండి శ్రీశైలానికి బస్సు ఏర్పాటు చేస్తున్న సంగతి మీకందరకు తెలిసినదే. ఆ యాత్రను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. మల్లికార్జునస్వామి మహిమను, భ్రమరాంబాదేవి వైభవాన్ని వర్ణించగల పాండిత్యం నాకు లేదు. ఆ శక్తి గల పెద్దలు ఈ వేదికపైననే ఉన్నారు. నేను చెప్పదలచినది కొండ ఎక్కే దారిని గురించి మాత్రమే. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ దారిలో మన బస్సు ఒకచోట తప్పక ఆగవలసిన అవసరాన్ని గురించి.

మొన్న ఇదే మండపంలో పేర్లు వ్రాసుకొంటున్నప్పుడు ఒక చర్చ జరిగింది. కొందరు యువకులు అడవి దారిన నడిచిపోదామన్నారు. చాల మంచి మాట. అయితే ఒక పెద్దాయన ఇంకొక అడుగు ముందుకు వేసి, బస్సులో కూర్చొని కొండ ఎక్కితే యాత్రాఫలం సగమే దక్కుతుందన్నారు. ఆ మాట విన్న ఒక తల్లి, మోకాళ్ళ నొప్పులతో ఏండ్ల తరబడి బాధపడుతున్న ఆమె, ఏమీ అనకుండా తన పేరు కొట్టివేయించుకొని ఇంటికి వెళ్ళిపోయారు. అందుచేత ఈ విషయాన్ని కొంచెం నిదానంగా ఆలోచించవలసి వచ్చింది.

శ్రీశైలం మనకు పరాయి చోటు కాదు. అక్కడ పాతాళగంగగా పిలువబడే కృష్ణమ్మయే నాగార్జునసాగరం, పులిచింతల దాటి, ముక్త్యాల, వేదాద్రి రేవులను ఒరసుకొని మన గుడిమెట్ల, పొక్కునూరు రేవులకు వస్తుంది. మనం ఇక్కడ కార్తిక స్నానమాడే నీరు ఆ కొండ పాదాలను కడిగి వచ్చిన నీరే. నీరు దిగివచ్చినంత సులభంగా మనుష్యుడు ఆ కొండకు ఎక్కిపోలేకపోయాడు. అంతే తేడా.

పూర్వం కర్నూలు వైపునుండి వచ్చే యాత్రికులు ఆత్మకూరు దాటి, నాగలూటి, పెద్దచెరువు మీదుగా భీమునికొలను లోయలోనికి దిగి, మళ్ళీ కైలాసద్వారం వరకు ఎక్కేవారు. ఉగాదికి వచ్చే కన్నడ భక్తులు నేటికీ ఆ దారిన వేలాదిగా నడుస్తూనే ఉన్నారు. ఆ దారిలోని మెట్లు కొండతోపాటు పుట్టినవి కావు. పదునాలుగవ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి, మన ఎఱ్ఱాప్రగడను ఆదరించిన ప్రభువు, శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. అంతకుముందు రాళ్ళు పట్టుకొని, ముళ్ళు తొలగించుకొని ఎక్కినవారు ఉండే ఉంటారు. మెట్లు వచ్చాక ఎక్కినవారికి ఫలం తగ్గిందని ఏ పురాణమూ చెప్పినట్లు నేను వినలేదు. కట్టించిన ప్రభువును మాత్రం మహాపుణ్యాత్ముడని పొగిడారు. మెట్టు పుణ్యమైతే రోడ్డు పాపమెట్లా అవుతుంది?

ఇంకొక సంగతి. నడక కాలంలో అందరూ నడిచారనుకోవడం కూడ పొరపాటే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుండి కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలాన్ని దర్శించి, తమ కాశీయాత్ర చరిత్రలో ఆ ప్రయాణాన్ని వ్రాసి ఉంచారు. పల్లకీలతో, బోయీలతో సాగిన యాత్ర అది. యాత్రికులనుండి కర్నూలు నవాబు పన్ను వసూలు చేయించిన సంగతి కూడ అందులో కనబడుతుంది. అంటే కలిగినవారు మోసేవారి భుజాలమీద ఎక్కారు, ఓపిక గలవారు కాళ్ళమీద ఎక్కారు. రెండూ లేని ముసలివారు, రోగులు, నిండు చూలాండ్రు ఇంటి దగ్గరనే ఉండి, వెళ్ళివచ్చినవారి పాదాలకు మ్రొక్కి తృప్తిపడ్డారు. ఆ మూడవ కోవవారికి కొండను దగ్గర చేసినది రోడ్డే.

తిరుమల సంగతి చూడండి. భగవద్రామానుజులు ఆ కొండపై పాదం మోపరాదని మోకాళ్ళతో ఎక్కారని పెద్దలు చెబుతారు. అంతటి కొండకు 1944 ఏప్రిల్ 10న మొదటి ఘాట్ రోడ్డు తెరచారు. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. రద్దీ పెరిగి, 1974లో రెండవ రోడ్డు వచ్చింది. అలిపిరి మెట్లమీద గోవిందనామం ఏమైనా ఆగిందా? నడిచేవారు నడుస్తూనే ఉన్నారు. నడవలేనివారు కూడ దర్శనం చేసుకొంటున్నారు.

ఇక కొండ ఎక్కలేని భక్తురాలికొరకు స్వామియే దిగివచ్చిన కథ మన దారిలోనే ఉన్నది. నరసరావుపేట దగ్గర కోటప్పకొండను గురించిన ఆనందవల్లి కథ మీరెరిగినదే. గొల్లభామ అయిన ఆ తల్లి నిత్యం శిఖరానికి ఎక్కి స్వామిని సేవించేది. గర్భభారంతో ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు, ఇక నీవు రావద్దు, నేనే నీ వెంట వస్తాను, వెనుదిరిగి చూడకుము అని స్వామి పలికాడని స్థలపురాణం. ఆమె ముందు నడుస్తున్నది, ఆయన వెనుక దిగుతున్నాడు. దారిలో పెద్ద ధ్వని విని భయపడి ఆమె వెనుదిరిగింది. స్వామి అక్కడనే నిలిచిపోయాడు. నేటి త్రికోటేశ్వరాలయం ఆ చోటనే ఉన్నది. ఎక్కలేని భక్తురాలిని చూచి ఫలం సగమే అనలేదు స్వామి. తానే దిగాడు. మన బస్సు కిటికీలోనుండి ఆ కొండ కనబడినప్పుడు ఈ కథను పిల్లలకు చెప్పండి.

వినుకొండ దాటాక త్రిపురాంతకం వస్తుంది. అది శ్రీశైలానికి తూర్పు ద్వారం. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. అటునుండి ఎఱ్ఱగొండపాలెం, దోర్నాల. దోర్నాలనుండి శ్రీశైలానికి దాదాపు 50 కిలోమీటర్లు, చాలవరకు అడవియే. ఘాట్ రోడ్డును గురించి నాకు అర్థమైనది ఇంతే: అది కొండ ఎత్తును తగ్గించదు, ఆ ఎత్తును పొడవుగా పరుస్తుంది. మెట్టు నిట్టనిలువునా పోతే, రోడ్డు కొండ నడుము చుట్టూ తిరిగి తిరిగి పోతుంది. ఒక మలుపులో ఎడమ ప్రక్కన చూచిన లోయ తరువాతి మలుపులో కుడి ప్రక్కన, ఇంకా లోతుగా కనబడుతుంది. కార్తికంలో వానలు వెనుకబట్టి నల్లమల ఇంకా పచ్చగా ఉంటుంది. ఆ శోభను నిద్రపోయి పోగొట్టుకోకండి. నేను ఎరిగిన ఒక యాత్రలో సగం బస్సు దోర్నాలలో కన్నుమూసి శ్రీశైలంలో కన్ను తెరచింది. వారిని చూస్తే మాత్రం, సగం ఫలమన్న పెద్దాయన మాటలో కొంత న్యాయం లేకపోలేదనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శ్రీశైలం ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉన్నదనగా శిఖరేశ్వరం వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 2,830 అడుగుల ఎత్తున, శ్రీశైల క్షేత్రంలో అన్నిటికంటె ఉన్నతమైన చోటు. అక్కడ నువ్వులు పోసి, నందిని త్రిప్పి, ఆ కొమ్ముల నడుమనుండి దూరాన స్వామి ఆలయ శిఖరాన్ని చూచినవారికి పునర్జన్మ లేదని మన విశ్వాసం. రోడ్డు ప్రక్కన దిగి కొన్ని మెట్లు ఎక్కితే చాలు. కాని బస్సు ఆగకపోతే, ఆ చోటు రెప్పపాటులో వెనుకబడిపోతుంది.

ఇరవై ఏండ్ల క్రిందట మా అమ్మగారిని శ్రీశైలానికి తీసుకొనిపోయాను. ఆమెకు అది మొదటి యాత్ర. ఇంటిలో దంచి చెరిగిన నువ్వులు గుప్పెడు కొంగున ముడివేసుకొన్నది. సాయంకాలం నాలుగున్నర ప్రాంతంలో శిఖరం దగ్గరకు వచ్చాము. ఆకాశం కడిగిన అద్దంలాగ ఉన్నది.

"ఒరే నాయనా, శిఖరం వచ్చినట్టుందిరా, బస్సు ఆపమని చెప్పు" అన్నది అమ్మ.

ఆలస్యమైతే సత్రంలో గది దొరకదని నా ఆదుర్దా. "వచ్చేటప్పుడు చూద్దాంలే అమ్మా" అన్నాను. ఆమె మళ్ళీ అడుగలేదు. కొంగుముడిని ఒకసారి తడుముకొని ఊరకున్నది.

మరునాడు దర్శనం, అభిషేకం చక్కగా జరిగాయి. ఆ మరునాటి ఉదయం తిరుగు ప్రయాణంలో శిఖరం దగ్గర ఆగాము. కొండ నిండా మంచు. పది అడుగుల అవతల మనిషి కనబడడం లేదు. అమ్మను పట్టుకొని మెట్లు ఎక్కించాను. నువ్వులు పోసింది, నందిని త్రిప్పింది, వంగి చూచింది. అరగంట నిలబడ్డాము. క్రిందినుండి బస్సు హారను మ్రోగుతూనే ఉన్నది. నేను ఓదార్పుగా, "భావించుకొంటే చాలునమ్మా, చూచినట్లే" అన్నాను.

"కనపడలేదురా. చూశానని నేను అబద్ధం ఆడలేను. మళ్ళీ ఏడు వద్దాం" అన్నది.

మళ్ళీ ఏటికి ఆమె మంచం దిగలేదు. సంక్రాంతి వెళ్ళిన తరువాత శివసాయుజ్యం పొందింది. శ్రద్ధతో నువ్వులు విడిచినంతనే ఫలం సిద్ధించిందని ఒక పండితులు నాకు చెప్పారు. వారి మాటను శిరసావహిస్తాను. అయినా ఆనాటి సాయంకాలపు ఆకాశం నా కన్నులనుండి పోలేదు. డ్రైవరుతో ఒక్క మాట చెప్పవలసినది నేను, చెప్పలేదు. తప్పు రోడ్డుది కాదు, బస్సుది కాదు.

కావున ధర్మకర్తలకు నా విన్నపం. మన బస్సు వెళ్ళేటప్పుడే శిఖరేశ్వరం దగ్గర గంటసేపు ఆగాలి. తిరుగు ప్రయాణంలో అన్న మాట వద్దు. పెందలకడనే ఇక్కడ బయలుదేరితే పగటి వెలుగుండగానే అక్కడకు చేరగలం. పులుల అభయారణ్యం కావున రాత్రి 9 గంటలనుండి ఉదయం 6 వరకు ఆ అడవి దారిలో వాహనాలను పోనివ్వరు. దారిలో టిఫిన్లకు, టీలకు ఎక్కువ సమయం వెచ్చించకుండ యువకులు చూచుకోవాలి. మలుపులలో తల తిరిగేవారు దోర్నాలకు ముందు కడుపునిండ తినకండి, నిమ్మకాయ దగ్గర ఉంచుకొని ముందు సీట్లలో కూర్చోండి. శిఖరం మెట్లమీద కోతుల బెడద ఉన్నది, ప్రసాదాలు, సంచులు జాగ్రత్త. నువ్వులు ఇంటినుండే తెచ్చుకొనండి. నడిచిపోదలచిన యువకులు ఆ దారి తెలిసినవారితో, గుంపుగా మాత్రమే వెళ్ళండి. దర్శనానికి అందరం ఒక్కచోట కలుసుకొందాం.

పేరు కొట్టివేయించుకొన్న ఆ తల్లి ఇంటికి నిన్న సాయంకాలం వెళ్ళివచ్చాను. సగం ఫలమన్న పెద్దాయన కూడ నా వెంట వచ్చారు, ఆ సంగతి ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఆమె పేరు మళ్ళీ వ్రాయించాము. ముందు వరుసలో, కిటికీ ప్రక్కన సీటు.

ఓం నమశ్శివాయ.