మందు ధర, పేటెంటు చట్టం



ఈనాటి మన అంశం పేటెంటు చట్టం. మేధోసంపత్తి హక్కులు కంపెనీలకు, లాయర్లకు సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. కానీ డాక్టరు రాసిన చీటీతో మందుల షాపు మెట్లెక్కే ప్రతి మనిషికీ వీటితో సంబంధం ఉంది. అది ఎలాగో చూద్దాం.

పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటును ఒక ఒప్పందంగా అర్థం చేసుకోండి. ఆవిష్కర్త తాను కనిపెట్టినదాన్ని ఎలా తయారుచేయాలో పూర్తిగా రాసి వెల్లడిస్తాడు. బదులుగా, దాన్ని కొంతకాలం ఇతరులు తయారుచేయకుండా, అమ్మకుండా ఆపే హక్కును ప్రభుత్వం అతనికి ఇస్తుంది. ఇప్పుడు ఆ గడువు 20 ఏళ్లు. గడువు తీరాక ఆ జ్ఞానం అందరిదీ అవుతుంది. ఈ ఒప్పందంలో రెండో పక్షం సమాజం. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులభంగా బోధపడుతుంది.

1970 నాటి చట్టం

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన దేశంలో 1911 నాటి బ్రిటిష్ చట్టమే అమలులో ఉండేది. దాన్ని పరిశీలించిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో నివేదిక ఇచ్చారు. పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయుల చేతుల్లో ఉన్నదనీ, వాటిలో చాలావాటితో ఇక్కడ ఉత్పత్తి జరగడం లేదనీ అందులో తేల్చారు. ఆ నివేదిక ఆధారంగా 1970లో కొత్త చట్టం వచ్చింది. ఆహార పదార్థాలకు, మందులకు ఉత్పత్తి మీద పేటెంటు ఉండదు, తయారీ పద్ధతి మీద మాత్రమే ఉంటుందని ఆ చట్టం చెప్పింది.

ఈ తేడా ఏమిటి? అన్నం వండటం తీసుకోండి. ఎసరు పెట్టి గంజి వార్చవచ్చు, కుక్కరులోనూ వండవచ్చు. పద్ధతి మీద పేటెంటు ఉంటే మరొకరు వేరే పద్ధతిలో వండుకోవచ్చు. అన్నం మీదే పేటెంటు ఉంటే ఏ పద్ధతిలోనూ వండటానికి వీల్లేదు.

ఈ వెసులుబాటుతో మన రసాయన శాస్త్రవేత్తలు తెలిసిన మందులకు కొత్త తయారీ మార్గాలు వెతికారు. హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన డాక్టర్ కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించడం ఈ కాలంలోనే జరిగింది.

2005 మార్పు, రెండు రక్షణలు

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. అందులో సభ్యదేశంగా మనం ట్రిప్స్ ఒప్పందాన్ని పాటించవలసి వచ్చింది. దాంతో 2005 జనవరి 1 నుంచి మందులకూ ఉత్పత్తి పేటెంటు వచ్చింది. అయితే పార్లమెంటు తలుపు పూర్తిగా తెరిచి ఊరుకోలేదు. చట్టంలోని రెండు సెక్షన్లను చూద్దాం.

మొదటిది సెక్షన్ 3(డి). 2005 సవరణతో దీనికి ఇప్పటి రూపం వచ్చింది. తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెస్తే, అది మొదటిదానికన్నా మెరుగ్గా పనిచేస్తేనే పేటెంటు ఇవ్వాలి. లేకపోతే గడువు తీరబోతున్న ప్రతిసారీ చిన్న మార్పు చేసి మరో 20 ఏళ్లు హక్కు సంపాదించవచ్చు. నోవార్టిస్ సంస్థ రక్త క్యాన్సర్ మందు గ్లీవెక్ విషయంలో ఇమాటినిబ్ మెసిలేట్ అనే పదార్థపు ఒక స్ఫటిక రూపానికి పేటెంటు కోరింది. చెన్నై పేటెంటు కార్యాలయం 2006లో నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మందు విషయంలో మెరుగు అంటే రోగాన్ని నయం చేసే శక్తిలో మెరుగు అని కోర్టు 2013 ఏప్రిల్ 1న స్పష్టం చేసి, పేటెంటు నిరాకరణను సమర్థించింది. నిల్వకు, తయారీకి అనుకూలంగా ఉండటం చాలదన్నమాట.

రెండోది సెక్షన్ 84, అంటే కంపల్సరీ లైసెన్సు. పేటెంటు ఇచ్చి మూడేళ్లు గడిచాక కూడా ప్రజల అవసరాలు తీరకపోయినా, అందుబాటు ధరకు దొరకకపోయినా, మన దేశంలో ఆ ఆవిష్కరణను ఉత్పత్తిలో పెట్టకపోయినా మరొకరు తయారీకి అనుమతి కోరవచ్చు. బేయర్ సంస్థ నెక్సావర్ అనే మందుకు పేటెంటు పొందింది. అది కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే మందు. నెలకు సరిపడే 120 మాత్రల ధర అప్పట్లో సుమారు 2,80,000 రూపాయలు ఉండేది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా దరఖాస్తు చేయగా, 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ లైసెన్సు మంజూరు చేశారు. నాట్కో 8,880 రూపాయలకు మించి అమ్మకూడదని షరతు పెట్టారు. బేయర్‌కు అమ్మకాలపై 6 శాతం రాయల్టీ చెల్లించాలన్నారు. అప్పీలులో దాన్ని 7 శాతం చేశారు. ఇక్కడ పేటెంటు రద్దు కాలేదని గమనించండి. హక్కుదారుకు ప్రతిఫలం ముట్టింది, రోగికి మందు అందింది.

రెండో పక్కన

ఇలాగైతే కొత్త మందులు ఎవరు కనిపెడతారని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. ఒక కొత్త మందు బయటికి రావడానికి ఏళ్ల తరబడి పరిశోధన, పెద్ద పెట్టుబడి కావాలి. మధ్యలో విఫలమయ్యేవే ఎక్కువ. అందుకే కంపల్సరీ లైసెన్సు అడిగిన ప్రతివారికీ దొరకదు. మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదుకే చెందిన లీ ఫార్మా పెట్టిన దరఖాస్తును 2016లో తిరస్కరించారు. ప్రజల అవసరం తీరడం లేదని ఆ సంస్థ ఆధారాలతో చూపలేకపోయింది. అంటే ధర ఎక్కువన్న ఫిర్యాదు ఒక్కటే చాలదు, రుజువు కావాలి.

కాబట్టి విద్యార్థులారా, పేటెంటు చట్టాన్ని త్రాసులా చూడండి. ఒక పళ్లెంలో ఆవిష్కర్త శ్రమ, మరో పళ్లెంలో రోగి ప్రాణం ఉన్నాయి. 3(డి), 84 సెక్షన్లు ఆ త్రాసుకు ముల్లు వంటివి. రేపు మీలో కొందరు శాస్త్రవేత్తలై పేటెంటు కోరతారు. కొందరు లాయర్లై వాదిస్తారు. మందులు కొనే అవసరం మాత్రం అందరికీ వస్తుంది.

ఆలోచించండి

1. పద్ధతి మీద పేటెంటుకు, ఉత్పత్తి మీద పేటెంటుకు తేడాను మరో ఉదాహరణతో వివరించండి.
2. నాట్కో, లీ ఫార్మా దరఖాస్తుల ఫలితాలు వేరుగా ఉండటానికి కారణమేమిటి?
3. మీరే కంట్రోలర్ అయితే మందు ధర అందుబాటులో ఉన్నదీ లేనిదీ ఎలా నిర్ణయిస్తారు?