మెడనొప్పి: ఊహయు, నిర్ణయమును
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మెడనొప్పి వచ్చిననాడు మనలో వైద్యుడు కానివాడు లేడు. తలగడ ఎత్తని యొకరు, చలిగాలి యని యొకరు. నేనును ఎనిమిది నెలలు తలగడనే నిందించితిని. క్షురకునిచే మెడ మెటికలు కూడ విరిపించుకొంటిని. అది మెదడునకు పోవు రక్తనాళమును చీల్చవచ్చునని పిదప తెలిసి వణకితిని.

తుదకు ఒక వైద్యుడు నన్ను చొక్కా గుండీలు పెట్టుకొమ్మనెను. వ్రేళ్లు తడబడినవి. నడిపించి చూచి, ఎం.ఆర్.ఐ. తీయించెను. మెడలో వెన్నుపాము నొక్కబడుచున్నదట! మునుపటి ఎక్స్‌రేలో ‘ఎముకల అరుగుదల’ యని మాత్రమే యుండెను. వయసు మీరినవారిలో నొప్పి లేనివారికిని అది కానవచ్చును గనుక, అదియే కారణమని తీర్మానింపరాదు.

చేతిలోనికి దిగు తిమ్మిరి నరమును సూచించును. రాత్రులు నిద్ర లేపు నొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కలిసి యున్నచో వెన్నెముక క్షయ యేమో చూడవలెను. నడచినపుడు వచ్చి, నిలిచినపుడు పోవునది గుండెనొప్పియు కావచ్చును.

హోసూరు వైపు మన పెద్దలు వైద్యునితో తమిళమున చెప్పునపుడు పోటు, సలుపు, తిమ్మిరి, మంట అన్నియు ‘వలి’లో కలిసిపోవుచున్నవి. తోడు వెళ్లువారు ముందుగా ఇంటనే తెలుగున అడిగి వ్రాసికొని పొండు.

నాకు శస్త్రచికిత్స జరిగినది. గుండీలు పెట్టుటకు ఇప్పటికిని ఆలస్యమగుచున్నది.