రిజిస్టరులో పేరు లేని పిల్లల ఆరోగ్యం

 

ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితకాలం గడిపిన మాబోటి వారికి ఒక సంగతి అనుభవమే. పథకం ఎంత మంచిదైనా, రిజిస్టరులో పేరున్న వారికే చేరుతుంది. బడి మానేసి కుట్టుమిషను ముందు, మెకానిక్ షెడ్డులో, గాజుల కార్ఖానాలో పొద్దుపుచ్చుతున్న మన పిల్లల పేర్లు ఏ రిజిస్టరులో ఉన్నాయి?

కేంద్ర ప్రభుత్వం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. బడిలో ఉన్నా లేకున్నా 10 నుంచి 19 ఏళ్ల వారందరూ దాని పరిధిలోని వారే. రుతుక్రమ సమస్యలకు, లైంగిక వ్యాధులకు సలహా, చికిత్స అందించే కేంద్రాలు అందులో భాగం. కాగితం మీద లోటు లేదు. ఆచరణలో మాత్రం బడే ప్రధాన ద్వారం. వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రనే చూడండి. 6 నుంచి 12వ తరగతి వరకు విద్యార్థులకు పాఠశాలలో, బడి మానిన ఆడపిల్లలకు అంగన్‌వాడీలో ఇవ్వాలన్నది నిబంధన. బడి మానిన మగపిల్లలకు అందులో చోటే లేదు. దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. రేపటి తల్లులు వీరే.

రెండవ అడ్డంకి వేళ. ఆసుపత్రి ఓపీ నడిచే వేళలోనే వీరి కూలి పని. ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది.

మూడవది భయం. 18 ఏళ్లలోపు బాలికకు గర్భస్రావం చేయాలంటే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. పోక్సో చట్టం ప్రకారం వైద్యులు పోలీసులకు తెలియజేయాలి. ఈ భయమే కొందరిని నాటు వైద్యుల గడప తొక్కిస్తుంది. అయితే బాలిక, సంరక్షకులు కోరితే ఆమె పేరును పోలీసులకు ఇచ్చే నివేదికలో వెల్లడించనవసరం లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ మాట ప్రతి తల్లికీ తెలియాలి.

ఇక సిగ్గు. ధర్మాన్ని నేర్చుకోవడానికి అన్సార్ స్త్రీలకు సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. రుతుస్రావం, పరిశుభ్రత గురించి వారు సూటిగా అడిగి తెలుసుకున్నారు. హయా పేరిట మన బిడ్డలను అజ్ఞానంలో ఉంచే హక్కు మనకు లేదు.

కనుక ప్రతి మొహల్లాలో బడి మానిన పిల్లల జాబితా రాద్దాం. దాన్ని ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు అందజేద్దాం. వారంలో ఒక సాయంత్రం, ఉర్దూ తెలిసిన మహిళా సిబ్బందితో, చాటుగా మాట్లాడుకునే గదిలో సేవలు అందించాలని వైద్యాధికారికి అర్జీ పెడదాం. అర్జీ నకలుపై అందినట్లు సంతకం తీసుకోవడం మరువవద్దు. ఇది దయ కోసం చేసే వేడుకోలు కాదు, మన బిడ్డల హక్కు.