గగనయానములో మాట పొరపాటు

మాచెర్ల నుండి నాగార్జునసాగరమునకు పోవు ప్రాంతమున ఎత్తిపోతల జలపాతమును చూడనివారు పల్నాటిలో తక్కువ. చంద్రవంక అక్కడ సుమారు 70 అడుగుల ఎత్తునుండి లోయలోనికి దుముకుచుండును. వానకాలమున నీరు నిండుగా ఉన్నప్పుడు, గట్టుమీద నిలిచినవాడు దిగువనున్న వానితో మాటాడ ప్రయత్నించుట చూడదగిన వినోదము. పైవాడు "రావద్దు" అని కేకవేయును. నీటి హోరు "వద్దు" అను భాగమును మ్రింగివేయును. క్రిందివాడు "రా" అని మాత్రమే విని మెట్లెక్క మొదలుపెట్టును. మన భాషలో నిషేధము మాటకు చివర వచ్చును గదా! తల దక్కి తోక పోయినచో అర్థము తలక్రిందులగును.

ఎత్తిపోతల యొద్ద దీనివలన కలుగు నష్టము కాళ్ల నొప్పియే. ఆకాశమున అట్లు కాదు.

విమానమునకును, నేలమీది కంట్రోలు టవరునకును నడుమ ఉన్న బంధము రేడియో మాట ఒక్కటే అని చెప్పిన అతిశయోక్తి కాదు. ఎంత ఎత్తున ఎగురవలెనో, ఎప్పుడు దిగవలెనో, ఏ రన్‌వేపై వాలవలెనో కంట్రోలరు చెప్పును, పైలటు వినును. ఆ పరిసరములలోని విమానములన్నియు ఒకే తరంగముపై మాటాడవలసియుండును. ఒకరు మాటాడునప్పుడు తక్కినవారు ఊరకుండవలెను. ఇద్దరొక్కసారి మీట నొక్కినచో ఎవరి మాటయు సరిగా వినబడదు. రాత్రివేళ మీ రేడియోలో మీడియం వేవుపై రెండు కేంద్రములు ఒకదానిపై నొకటి పడి కీచుమని ఈలవేయుట శ్రోతలకు అనుభవమే. విమానములలోను అదే ఈల వినవచ్చును.

ఈ తరంగములు కొండలను దాటి వంగిపోవు. ముప్పదివేల అడుగుల ఎత్తున పోవు విమానమునకు సుమారు 200 నాటికల్ మైళ్ల దూరమునుండి కూడ మాట అందును. కొండల నడుమ తక్కువ ఎత్తున పోవుదానికి దగ్గరి కేంద్రమే అందకపోవచ్చును. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించుచుండిన హెలికాప్టరు నల్లమలలోని పావురాలగుట్టపై కూలినది. ఆ ప్రమాదమునకు కారణము మాట పొరపాటు కాదు, ప్రతికూల వాతావరణము. కాని రేడియో మూగబోయిన పిమ్మట దాని జాడ తెలియుటకు మరునాటి ఉదయము వరకు పట్టినది.

మాట తోక తెగుటవలన కలిగిన మహాప్రమాదము 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫేలో జరిగినది. సమీపమున మరియొక విమానాశ్రయములో బాంబు ప్రేలుటచే విమానములెన్నో ఈ చిన్న ఆశ్రయమునకు మళ్లింపబడెను. పైగా దట్టమైన మంచు. రెండు బోయింగు 747 విమానములు ఒకే రన్‌వేపై నుండెను. డచ్చి విమానము ఒక కొసన ఎగురుటకు సిద్ధముగా నిలిచియుండగా, అమెరికా విమానము అదే రన్‌వేపై నెమ్మదిగా నడచుచుండెను. టవరు డచ్చివారికి ఎగిరిన తరువాత పోవలసిన మార్గమును మాత్రము చెప్పినది. ఎగురుటకు అనుమతి ఇయ్యలేదు. సహపైలటు ఆ మార్గమును తిరిగి చెప్పి, చివర తాము ఇప్పుడు "టేకాఫ్ వద్ద" ఉన్నామని ముగించెను. ఎగురుచున్నామని అతని భావము కావచ్చును. ఎగురు స్థానమున సిద్ధముగా ఉన్నారని టవరు గ్రహించినది. "ఓకే" అని, ఒక్క క్షణమాగి, ఆగుడు, మరల పిలిచెదము అని చెప్పినది. సరిగా ఆ క్షణముననే, తామింకను రన్‌వేపైనే ఉన్నామని అమెరికా పైలటులు పలికిరి. రెండు మాటలు ఢీకొని ఈల అయినవి. డచ్చివారికి స్పష్టముగా వినబడినది ఆ "ఓకే" మాత్రమే. అవతలి విమానము తొలగలేదేమో యని వారి ఇంజనీరొకడు సందేహించెను గాని, కెప్టెను తొలగినదనియే నమ్మి ముందుకు సాగెను. 583 మంది మరణించిరి.

ఆ "ఓకే"ను గూర్చి కొంత ఆలోచింపవలెను. మన "సరే"యు, "ఊఁ"యు అట్టివే. "సరే" అనగా విన్నాననియా, అంగీకరించితిననియా, అట్లే చేసెదననియా, ఇక చాలించుమనియా? ఎదుటివాని ముఖము చూచుచున్నప్పుడు సందేహముండదు. ముఖము కనబడనిచోట వినువాడు తనకు కావలసిన అర్థమునే దానిలో నింపుకొనును. టెనెరిఫే తరువాత "టేకాఫ్" అను మాటను అనుమతి ఇచ్చునప్పుడు, లేదా దానిని రద్దుచేయునప్పుడు మాత్రమే పలుకవలెననియు, తక్కిన సందర్భములలో "డిపార్చర్" అనవలెననియు నియమము వచ్చినది. ఒట్టి "ఓకే"తో ఆజ్ఞకు బదులు చెప్పుట చాలదు. విన్న ఎత్తును, రన్‌వేను, దిశను పైలటు తన నోట మరల పలుకవలెను. కంట్రోలరు ఆ పలుకును చెవియొగ్గి వినవలెను. నా దృష్టిలో ఈ రెండవ పనియే కష్టమైనది. చెప్పినవాడు తాను చెప్పినదే వినబడునని ఎదురుచూచుచుండును గనుక, తప్పు వచ్చినను చెవికి ఒప్పుగానే తోచును.

మన దేశములో 1996 నవంబరు 12 సాయంకాలమున జరిగిన ఘోరము వేరొక తీరుది. ఢిల్లీనుండి సౌదీ బోయింగు 747 పైకి లేచినది. కజకస్తాను ఇల్యూషిన్ విమానము దిగివచ్చుచుండెను. వచ్చువారికిని పోవువారికిని అప్పుడు మార్గమొక్కటే. మొదటిదానికి 14,000 అడుగులు, రెండవదానికి 15,000 అడుగులు నిర్ణయించి, ఎదురుగా విమానమున్నదని కంట్రోలరు కజకు విమానమునకు హెచ్చరిక కూడ చేసెను. ఆ విమానములో ఇంగ్లీషున మాటాడువాడు రేడియో ఆపరేటరు, నడుపువారు వేరు. ఎత్తు చూపు సాధనము అతని యెదుట లేదు. పైలటుల భుజములమీదుగా తొంగిచూడవలెను. కేంద్రముతో మాటాడు నోరొకనిది, విమానమును దించు చేయి వేరొకనిది. విమానము 15,000 అడుగుల క్రిందికి దిగిపోవుట అతడు కనుగొని పైకి పొండని చెప్పునప్పటికి ఆలస్యమైనది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన రెండును ఢీకొని 349 మంది చనిపోయిరి. వారిలో పొట్టకూటికై గల్ఫునకు బయలుదేరిన భారతీయులనేకులు. అప్పటి ఢిల్లీ రాడారు విమానమున్న చోటును చూపగలదే గాని ఎత్తును చూపలేకుండెను. ఎత్తు తెలియుటకు కంట్రోలరునకున్న ఆధారము నోటిమాటయే. పిమ్మట రాకకు, పోకకు వేరు మార్గములేర్పడినవి. ఎదురుపడు విమానమును తానే కనిపెట్టి హెచ్చరించు యంత్రమును మన దేశము తప్పనిసరి చేసినది.

ఇక మూడవ జాతి పొరపాటు మనకు మిక్కిలి చేరువైనది. దాని పేరు మొగమాటము. 1990 జనవరి 25న కొలంబియా దేశపు విమానమొకటి న్యూయార్కు సమీపమున గంటకు పైగా ఆకాశమున చుట్లు తిరిగినది. ఇంధనము అడుగంటుచుండెను. తమకు "ప్రయారిటీ" కావలెనని సహపైలటు అడిగెను. ఇంధనమైపోవుచున్నదనియు చెప్పెను. కాని "ఎమర్జెన్సీ" అను మాట అతని నోట రాలేదు. ఆ మాట చెప్పుమని కెప్టెను తమ భాషలో పురమాయించినను, కంట్రోలరునకు చేరినది మెత్తని మనవియే. రద్దీతో సతమతమగు కంట్రోలరునకు అది నూరు మనవులలో ఒకటి. తుదకు ఇంజనులాగి విమానము కొండవాలున పడగా, అందున్న 158 మందిలో 73 మంది మరణించిరి.

పెద్దవారియొద్ద మన అక్కరను మెత్తగా, చుట్టుతిప్పి చెప్పుట మర్యాదయని మన పిల్లలకు నేర్పుదుము. జ్వరముతో మూలుగుచున్నవాడును "ఎట్లున్నావు?" అని అడిగిన "ఫరవాలేదండి" అనును. సాగరము కుడిగట్టున, ఎత్తిపోతలకు చేరువలోనే, శిక్షణ విమానములు ఎగిరిన చిన్న రన్‌వే కలదు. అట్టిచోట పైలటు విద్య నేర్వబోవు తెలుగు యువకుడు ముందుగా మరువవలసినది ఈ "ఫరవాలేదండి"నే. ఆపద వచ్చినప్పుడు "మేడే" అను మాటను ముమ్మారు పలుకవలెను. దానికి "అండీ" లేదు, "దయచేసి" లేదు.

అంకెలకు కూడ ప్రత్యేక ఉచ్చారణ కలదు. టెలిఫోనులో మన "ఇరవై", "అరవై" ఎంత తారుమారగునో వ్యాపారస్థులెరుగుదురు. ఇంగ్లీషున ఐదును, తొమ్మిదియు అట్లే. కనుక ఐదును "ఫైఫ్" అనియు, తొమ్మిదిని "నైనర్" అనియు పలుకుదురు. అక్షరములకు ఆల్ఫా, బ్రావో, చార్లీ అను పేర్లు 1956 నుండి వాడుకలోనున్నవి.

2008 మార్చి 5 మొదలు అంతర్జాతీయ పైలటులకును, కంట్రోలరులకును ఇంగ్లీషు సంభాషణలో పరీక్ష విధింపబడినది. ఆరు మెట్లలో కనీసము నాల్గవది ఎక్కవలెను. ఈ పరీక్ష పరాయిభాషలవారికే యని కొందరనుకొందురు, అది సరికాదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడ తమ ఊరి యాసను, నుడికారమును విడిచి, వేగము తగ్గించి, అవతలివానికి అర్థమగునట్లు మాటాడవలెనని ఆ నియమములలోనే యున్నది. ఇంటిలో పుట్టి పెరిగిన భాషను అట్లు కత్తిరించి పలుకుట వారికి మనకన్న కష్టముగానే ఉండునట.