కేసుషీటులో లేని తేదీ

ఆనందపురంలో ఈ సభలో మా ఫిజియాలజీ మాస్టారి పేరిట మాట్లాడమన్నారు, సంతోషం. ఆయన పాండిత్యం గురించి నేను చెప్పక్కర్లేదు. నాకు గుర్తున్నది ఆయన జేబులో కాగితప్పొట్లంలో ఉండే సున్నుండ. ప్రయోగం తప్పినవాడికే అందులో సగం దక్కేది. నాకు చాలాసార్లు దక్కింది. తప్పిందని అందరూ వదిలేసిన ఒక ప్రయోగం గురించే ఇవాళ నా మాట.

తలకు దెబ్బ తగిలాక మొదటి నష్టం క్షణంలో అయిపోతుంది. ఆపై వాపు, మైక్రోగ్లియా అనే మెదడు రక్షణ కణాలు రేగడం, ఆస్ట్రోసైట్లు అనే ఆసరా కణాలు ఉబ్బి మచ్చ కట్టడం గంటల నుంచి వారాల దాకా సాగుతాయి. ఇందులో హార్మోన్లు వేలు పెడతాయని ఇక్కడి వైద్యులకు తెలుసు.

నా పేచీ ఒక్కటే: తలదెబ్బకు మందుగా పరీక్షించిన ఆడ హార్మోను గురించి, "ప్రొజెస్టెరాన్ కథ 2014లో ముగిసింది" అనే మాటతో. ఆ డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వేసింది. ప్రొటెక్ట్-3లో 882 మంది. బాగా కోలుకున్నవారు మందు పుచ్చుకున్నవాళ్లలో 51 శాతం, ఉత్తుత్తి మందు (ప్లాసిబో) పుచ్చుకున్నవాళ్లలో 55.5. సినాప్స్‌లో 1,195 మంది, అక్కడ 50.4, 50.5. అంకెల్ని కాదనను. వాటి మీద చెప్పిన తీర్పునే కాదంటాను. ఈ కథకు మూలమైన డొనాల్డ్ స్టీన్ బృందం ఎలుకల్లో మొదట గమనించింది దెబ్బ తగిలిన నాటికి ఆడ ఎలుక ఒంట్లో ఉన్న హార్మోన్ల స్థితిని బట్టి మెదడు వాపు మారడాన్ని. ఈ పరీక్షలు చూసింది దెబ్బ తగిలాక నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుందని. పైగా ప్రొటెక్ట్-3లో నలుగురిలో దాదాపు ముగ్గురు మగవాళ్లు.

తలదెబ్బలకు స్టెరాయిడ్ ఇచ్చి చూసిన క్రాష్ అనే పరీక్షను అడ్డు తెచ్చేవారూ ఉన్నారు. 10,008 మందిలో మిథైల్‌ప్రెడ్నిసోలోన్ పుచ్చుకున్నవాళ్లు రెండు వారాల్లో 21.1 శాతం పోయారు, పుచ్చుకోనివాళ్లు 17.9 శాతం. ప్రొజెస్టెరాన్ కూడా స్టెరాయిడే, కానీ అది వేరే కుటుంబం స్టెరాయిడ్, దాని గ్రాహకాలు వేరు. ఒకే గాటన కట్టేస్తే ఎలా? ఇంకో సంగతి: 1999లో గార్సియా-సెగురా బృందం గాయం చుట్టూ ఉన్న ఆస్ట్రోసైట్లలో అరోమటేజ్ పుట్టుకురావడం చూపింది. ఈస్ట్రోజెన్ తయారుచేసే ఎంజైము అది. అంటే ఎవరూ ఎక్కించకుండానే గాయపడిన మెదడు తన హార్మోను తానే చేసుకుంటోంది. "ముగిసింది" అనేవారు దీనికి జవాబు చెప్పరు.

అదే 2014లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్వల్పంగా తలదెబ్బ తిన్న 144 మంది ఆడవాళ్ల సంగతి వేశారు. నెలసరి రెండో సగంలో, ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్నప్పుడు దెబ్బ తగిలినవాళ్లు నెల తర్వాత తమ ఆరోగ్యం గర్భనిరోధక హార్మోన్లు వాడేవాళ్ల కన్నా తక్కువగా ఉందని చెప్పారు. దెబ్బతో ఆ హార్మోను ఒక్కసారిగా పడిపోవడమే కారణమని వారి ఊహ. "చిన్న పరీక్ష కదా" అంటారు. నిజమే, అందుకే పెద్దది చెయ్యమంటున్నాను.

అందుకు దూరం పోనక్కర్లేదు. ఆనందపురం కూడలిలో జాతీయ రహదారి పక్కన ఒక గంట నిలబడండి. బండి వెనక ఒక పక్కకు కూర్చుని, హెల్మెట్ లేకుండా పోయే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లు పడ్డాక మన కేసుషీట్లలో ఎప్పుడు పడ్డారో, వాంతి అయిందో లేదో రాస్తారు. ఆఖరి నెలసరి తేదీ మాత్రం రాయరు. "అడగడం బాగోదు" అంటాడు ఒక సహచరుడు. ప్రసూతి వార్డులో మొదటి ప్రశ్నే అది!

నేను ఇప్పుడు మొదలుపెడుతున్నది ఇదే: ఆ తేదీ, చేరిన రోజు రక్తపరీక్ష, మూడో రోజు రక్తపరీక్ష, నెల తర్వాత ఇంటికెళ్లి పలకరింపు. ఇక్కడున్న ఆశా కార్యకర్తలు ఆ పలకరింపు బాధ్యత తీసుకుంటారా అని అడగడానికే ఈ సభకు ఒప్పుకున్నాను. ఫారాలు వెనక బల్ల మీద ఉన్నాయి.