ఇంటిలోనికి సముద్రము

ఈ సాయంకాలము నేను ప్రసంగింపదలచిన విషయము గృహాలంకరణము. అందును సముద్రతీరమందలి గృహముల యలంకరణము. విశాఖపట్టణము మొదలు మచిలీపట్టణము వరకును గల మన తీరమున ఇండ్లు కట్టుకొన్నవారికి, లోపలి గదులలో సముద్రపుఛాయ కొంత కనబడవలెనను కోరిక సహజము. కోరిక మంచిదే. దానిని తీర్చుకొను విధానము మాత్రము నాకు నచ్చుట లేదు. గోడపై లంగరు బొమ్మ, బల్లపై సుద్దచేప, తలుపులకు నీలిచారలు, అద్దము చుట్టును గవ్వలు! కిటికీ తెరచినంతనే నిజమైన సముద్రము కనబడుచుండగా దాని ప్రతిమలు గదినిండ నెందులకు?

మొదట వెలుతురు సంగతి చెప్పెదను. నీటిమీద బడి మరలివచ్చు ఎండ మిక్కిలి తీక్షణమైనది. తళతళలాడు రంగులు వేసిన గోడ అట్టి వెలుతురులో కన్నులకు శ్రమ కలిగించును. మన పెద్దలు సున్నములో చిటికెడు నీలిమందు కలిపి వెల్లవేయించుచుండిరి. ఆ తెలుపు చల్లనిది. ఉదయమొక తీరుగను, సంజవేళ మరియొక తీరుగను కనబడును. సున్నపుగోడ తేమను పీల్చి మరల విడుచును. నూనెరంగు వేసిన గోడలో తేమ చిక్కుకొని, వానలు వెలియునప్పటికి రంగు పొక్కులై లేచును. కావున వెల్ల అందమునకే కాదు, గోడ మన్నికకును మేలు.

ఉప్పుగాలికి ఇనుము ఆగదు. చువ్వలు, బందులు, చీలలు కొలదికాలములోనే తుప్పుపట్టును. ఇత్తడియు చిలుమెక్కునుగాని, చింతపండుతో తోమిన మరల మెరయును. అందుచేత తలుపు గడియలకును, దీపపు కుందెలకును ఇత్తడినే వాడుట యుక్తము.

పగలు గాలి సముద్రమునుండి నేలవైపునకును, రాత్రి నేలనుండి సముద్రమువైపునకును వీచుచుండును. ఈ రాకపోకలకు అడ్డురాని తెరలు కావలెను. దళసరి పట్టుతెరలు ఇచట పనికిరావు. మా యింట, పాతబడి మెత్తనైన పొందూరు పంచెలను తెరలుగా కట్టుకొంటిమి. పొందూరులో ప్రత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి శుభ్రపరచుదురు. వాలుగ సముద్రపుచేప కాదు, మంచినీటిది. అయినను, బొమ్మ చేపను గోడకు తగిలించుటకంటె చేపపంటి పనితనము గల వస్త్రమును కిటికీకి కట్టుట నాకు హాయిగా నున్నది. ఆ తెర అంచునకు నరసాపురపు లేసు జానెడు కుట్టించిన చాలును. ఆ లేసును గోదావరి తీరగ్రామములలోని స్త్రీలు ఇంటిపనులు తీరిన పిదప కొక్కెపు సూదితో అల్లుదురు. కొనువారు బేరమాడునప్పుడు ఆ వ్రేళ్లను తలచుకొనుట న్యాయము.

గదికి రంగు బొత్తిగా అక్కరలేదా యని మీరడుగవచ్చును. ఒక్కచోట నుండనిండు: మంచముపై పరచిన పెడన కలంకారీ దుప్పటి చాలును. గుడ్డను కరక్కాయ నీటిలో నానబెట్టి యెండబెట్టి, టేకు అచ్చులతో అద్దుదురు. అందలి నలుపు ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టగా వచ్చినది. గోడలయందు మనము భయపడు తుప్పే అక్కడ రంగుగా మారుచున్నది! నేడు యంత్రముపై అచ్చొత్తిన గుడ్డలను కలంకారీయని తక్కువ వెలకు విక్రయించుచున్నారు. దానివలన అచ్చుపనివారి కూలి పోవుచున్నది. చేతియచ్చులో పూవుల అంచులు అచ్చటచ్చట రవంత తప్పియుండును. ఆ తప్పును వెదకి చూచి కొనుడు.

ఇక గవ్వల మాట. బజారులో నిగనిగలాడు పెద్దగవ్వలలో పెక్కు సముద్రమున ప్రాణముతో నుండగా పట్టబడినవి. అలలు ఒడ్డునకు చేర్చినవి ఎండకును ఇసుకరాపిడికిని వెలిసిపోవును. పగడపు ముక్కలను, మరికొన్ని జాతుల గవ్వలను శంఖములను పట్టుటయు అమ్ముటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద నిషిద్ధములు. 2001లో వీనిని ఆ చట్టపు పట్టికలలో చేర్చిరి. శాసనము మాట యటుండ, ఒడ్డున పడియున్న ఖాళీ గుల్లలోనైనను కాపురమునకు వచ్చు పీత యొకటి యుండును. దాని యింటిని తెచ్చి మన యింటికి సొగసు కూర్చుట నాకు సమ్మతము కాదు.

నేలపై తుంగచాప పరచుడు. గడపకడ కొబ్బరిపీచు పట్టా వేసినచో, పాదములకంటిన ఇసుక లోనికి రాదు. ఆశ్వయుజ కార్తికములలో తుపానుల భయముండును గనుక, ముందుగనే చాపలను చుట్టబెట్టి, తెరలను విప్పి ఉదికి, బాగుగా నెండనిచ్చి, వేపాకుతో పెట్టెలో భద్రపరచవలెను. మార్గశిరమున ఆకాశము తేటపడగనే మరల కట్టుకొనవచ్చును.